మ్యాక్‌లో ఆగిన గడియారం

హోబార్ట్ ఊళ్లో ఓ కంప్యూటర్ల కొట్టు. ఓ పెద్దావిడ, పోయిన భర్త వాడిన పాత మ్యాక్ ల్యాప్‌టాప్‌ని, అందులోవి కొత్తదాంట్లోకి ఎక్కించమని, కొట్టు కుర్రాడి ముందు బల్లమీద పెట్టింది.

"ఇందులో విండోస్ కూడా నడిపేవారామ్మా?"

"ఆయన పడవలు గీసే ప్రోగ్రాం దాంట్లోనే పనిచేస్తుంది. మ్యాక్ కొన్నది నేను. చచ్చేదాకా సణిగాడు."

"విండోస్‌ని మూయకుండా, గీస్తూ గీస్తూ ఉన్నదున్నట్టు నిద్రపుచ్చి లేచారు. తెరమీద అప్పటి టైమే ఉండిపోయింది, పదీ ఇరవై."

"టీ తాగొచ్చి గీస్తానన్నాడు. వంటింట్లోనే పడిపోయాడు."

"పడవ బొమ్మ ఎక్కడికీ పోదు, కొత్త మ్యాక్‌లోకి భద్రంగా ఎక్కిస్తాను. కాకపోతే ముందు ఈ విండోస్‌ని లేపి, సరిగ్గా మూసెయ్యాలి."

"లేపితే ఆ గడియారం?"

"ఇవాళ్టి టైముకి వచ్చేస్తుందమ్మా."

"అయితే లేపకు. మూత వేసి ఇటిచ్చెయ్ నాయనా. ఆయనింకా టీ తాగి రాలేదు."