ఎనిమిదో నెంబరు ఎవరిది

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న క్రేన్స్ ఐస్ హాకీ క్లబ్బు అధ్యక్షురాలు శ్రీమతి గ్వెన్ టిస్‌డేల్ గారికి, అడగ్గానే చర్చి హాలు ఇచ్చి, అది చాలదన్నట్టు వెనక వంటగదిలో మనందరికీ బంగాళదుంప కూరిన పెరోగీలు ఉడికిస్తున్న ఫాదర్ బోదాన్ గారికి, ముందు వరసల్లోని పెద్దలకు, కోట్లు విప్పడానికి ఇంకా ధైర్యం చాలక గుమ్మం దగ్గరే నిలబడ్డ మిత్రులకు, నేను ఎక్కువ మాట్లాడితే మోచేత్తో పొడవడానికి వీలుగా దగ్గర్లోనే కూర్చున్న నా భార్య ఒడార్కాకు నా నమస్కారాలు.

ఇంతవరకూ మాట్లాడిన వక్తలందరూ ఓరెస్ట్ దుబిక్ అనే ఈ రేడియో వ్యాఖ్యాత ఒకే జట్టుకు జీవితమంతా ధారపోశాడని అన్నారు. వింటుంటే సంతోషంగానే ఉంది. కానీ ఆ ఒక్క జట్టు ఏదో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గాని, నేను నిజమే చెబుతున్నాను. రిటైరవుతున్నానంటే ఎవరి దగ్గర్నుంచి రిటైరవుతున్నానో తెలియాలి కదా. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆ అయోమయం మరీ ఎక్కువైంది. ఎందుకో చెబుతాను. అది చెప్పాలంటే ఐనార్ బ్యార్నసన్ దగ్గర మొదలుపెట్టాలి.

ఈ పెంబ్రిజ్ పట్టణంలో నలభై దాటిన వాళ్ళకి ఐనార్ గురించి చెప్పక్కర్లేదు. చిన్నవాళ్ళ కోసం చెబుతున్నాను. సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఐస్‌లాండ్ వాళ్ళ కుటుంబం నుంచి వచ్చాడు. పాత క్రేన్స్ జట్టులో ఎనిమిదో నెంబరు చొక్కా అతనిది. పెద్ద వేగం లేదు, అందం అసలే లేదు, స్కేటింగ్ చేస్తుంటే బురదలో నడుస్తున్న మనిషిలా ఉండేవాడు. కానీ పక్, ఆ రబ్బరు బిళ్ళ, అతని కర్ర దగ్గరికి ఒకసారి వచ్చిందంటే ఇక వదిలిపోవడం దానికి ఇష్టం ఉండేది కాదు. ముప్పై మూడేళ్ళకి రక్తంలో జబ్బు చేసి పోయాడు. ఆ నెంబరు ఇక ఎవరికీ ఇవ్వబోమని క్లబ్బు ప్రకటించింది. లూథరన్ చర్చి కుట్టుపని ఆడవాళ్ళు మందపాటి ఉన్నిగుడ్డ మీద ఎనిమిది అంకె, అతని పేరు కుట్టి ఇచ్చారు. ఆ జెండాను స్టేడియం పైకప్పు దూలానికి ఎత్తి కట్టాం. ఆ రోజు రేడియోలో నేను ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. అతని భార్య సిగ్రున్ కింద నిలబడి, తల పూర్తిగా వెనక్కి వంచి చూస్తూ ఉండటం మాత్రం గుర్తుంది. సిగ్రున్ ఇప్పుడు మూడో వరసలో ఉంది. ఇటు చూడనంటోంది.

ఆ తరవాత నాలుగేళ్ళకి క్లబ్బును అమ్మేశారు. చిన్న ఊరు, పాత స్టేడియం, మన కెనడా డాలరుకు బలం లేదు, ఇలా కారణాలు చాలా చెప్పారు. కొన్నవాళ్ళు సరిహద్దుకు దక్షిణాన, అమెరికా ఎడారిలోని సాన్ ఓర్తిస్‌కి జట్టును తరలించారు. క్రేన్ అంటే వలసకొంగ కదా, ఆ పేరు పెట్టిన నాడే అనుమానించాల్సిందని మన మంగలి ఇప్పటికీ నన్ను ఎత్తిపొడుస్తుంటాడు. (నవ్వులు) ఆటగాళ్ళను, కప్పులను, కర్రలను లారీల్లో ఎక్కించారు. జెండాను కూడా మడిచి ఎక్కించారు. నన్నూ ఎక్కించారు. నా ఒప్పందం క్లబ్బుతో, ఊరితో కాదట.

సాన్ ఓర్తిస్‌లో జట్టుకు శాండ్‌స్టార్మ్ అని కొత్త పేరు పెట్టారు. బయట ఎండకి కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలేది, లోపల మంచు మీద మనవాళ్ళు ఆడేవాళ్ళు. మొదటి ఏడాది జనానికి ఆట ఏమీ తెలియదు. ఆఫ్‌సైడ్ విజిల్ ఊదితే ఎవరికో దెబ్బ తగిలిందనుకుని లేచి నిలబడేవాళ్ళు. నేను మైకు ముందు కూర్చుని పైకి చూస్తే ఐనార్ జెండా కనిపించేది. వీణ్ణి ఇక్కడికి ఎందుకు తెచ్చాం అనుకునేవాణ్ణి. ఒడార్కాకి మాత్రం ఆ ఊరు బాగా నచ్చింది. మోకాళ్ళ నొప్పులు పోయాయి, పెరట్లో నిమ్మచెట్టు వేసింది. నేను పెంబ్రిజ్ మీద బెంగపెట్టుకుంటే, ఆవిడ మళ్ళీ ఇక్కడికి వచ్చాక ఆ నిమ్మచెట్టు మీద బెంగపెట్టుకుంది. మా ఇంట్లో ఎవరి ఊరు ఏదో ఇంతవరకూ తేలలేదు.

అక్కడి స్టేడియంలో టికెట్లు చూసి జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టే ఆవిడ ఒకరు ఉండేవారు. పేరు కొన్సుయెలో అవీలా. ఒకరోజు నన్ను ఆపి, పైన ఉన్న ఆ ఎనిమిది ఎవరిదని అడిగింది. చెప్పాను. పోయాడని చెప్పగానే గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. ఆ ఏడాది నవంబరులో, వాళ్ళ ఊళ్ళో చనిపోయిన వాళ్ళను తలుచుకునే పండుగ వచ్చింది. జెండా కింద మెట్ల దగ్గర బంతిపూలు, ఒక కొవ్వొత్తి, ఒక తీపి రొట్టె కనిపించాయి. ఏమిటిదని అడిగితే ఆవిడ తేలిగ్గా చెప్పింది.

"ఇంటికి దూరంగా ఉన్నాడు కదా సెన్యోర్. ఎవరో ఒకరు పెట్టాలి."

అప్పటి నుంచి ఏటా పెట్టింది. మొదట ఆవిడ ఒక్కతే. తరవాత అటుగా వచ్చినవాళ్ళూ పూలు తెచ్చేవాళ్ళు. నేను ఈ సంగతి పెంబ్రిజ్‌లో ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

ఇక మన ఊరికి మళ్ళీ జట్టు వచ్చిన కథ మీకు తెలిసిందే. లీగు కొత్త జట్లను చేర్చుకుంటామంది, టిస్‌డేల్ గారు ఊరందరినీ కూడగట్టి ఒకటి సాధించారు. పాత పేరే పెట్టారు, క్రేన్స్. నన్ను వెనక్కి పిలిచారు, పరుగెత్తుకుంటూ వచ్చాను. వచ్చాక తెలిసింది చిక్కు. లీగు నిబంధన ప్రకారం చరిత్ర క్లబ్బుతో పాటే పోతుందట. అంటే పాత క్రేన్స్ గెలిచిన కప్పులు శాండ్‌స్టార్మ్‌వి. ఐనార్ ఇక్కడ, ఈ ఊళ్ళో కొట్టిన గోల్స్ అన్నీ శాండ్‌స్టార్మ్ గోల్స్. పేరు మనది, చొక్కా రంగు మనది, చరిత్ర మాత్రం సున్నా. నేను కొత్త జట్టుకు పాత మనిషినా, పాత జట్టుకు పారిపోయిన మనిషినా అని ఒడార్కాని అడిగితే, ముందు చెత్తడబ్బా బయట పెట్టి రమ్మంది. (నవ్వులు)

శాండ్‌స్టార్మ్ మొదటిసారి ఇక్కడికి ఆడటానికి వచ్చిన రోజు మీలో చాలామంది స్టేడియంలో ఉన్నారు. పాత క్రేన్స్ చొక్కాలు వేసుకున్న ముసలివాళ్ళు ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శాండ్‌స్టార్మ్ గోల్ కొట్టగానే నేను రేడియోలో "మనవాళ్ళు" అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయాను. ఆ వాక్యానికి ముగింపు ఈనాటికీ దొరకలేదు. మర్నాడు స్టేషన్‌కి ఫోన్లు వచ్చాయి. సగం మంది తిట్టారు. మిగతా సగం మంది తమకూ అలాగే అనిపించిందని చెప్పి, పేరు చెప్పకుండా పెట్టేశారు.

ఆ మ్యాచ్ తరవాతే ఊరు జెండా గురించి పట్టుబట్టింది. ఐనార్ మనవాడు, వాడి జెండా ఇసుకలో ఎందుకుండాలని. భార్య అడిగితే కాదనలేరని సిగ్రున్ వెంటపడ్డారు. ఆమె సరే అడుగుతానంది, నన్ను తోడు రమ్మంది. ఇద్దరం సాన్ ఓర్తిస్ వెళ్ళాం. మ్యాచ్ మొదలయ్యే ముందు కొన్సుయెలో తన వరసలో కూర్చున్న ఒక కుటుంబానికి ఐనార్ కథ చెబుతోంది. వెనకనున్నది అతని భార్య అని ఆవిడకి తెలియదు. చాలా పెద్ద చేతులని చెప్పింది, అది నిజం. సరస్సు మీద పుట్టినవాడని చెప్పింది, అదీ దాదాపు నిజం. ముగ్గురు కూతుళ్ళను వదిలి పోయాడని చెప్పింది.

ఐనార్‌కీ సిగ్రున్‌కీ పిల్లలు లేరు. మీకు తెలుసు.

నేను సరిదిద్దబోతే సిగ్రున్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. మ్యాచ్ అంతా చూసింది, అయ్యాక కొన్సుయెలో దగ్గరికి వెళ్ళి తనెవరో చెప్పింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, దూరంగా నిలబడ్డాను. కానీ క్లబ్బు ఆఫీసుకు మాత్రం సిగ్రున్ వెళ్ళలేదు, జెండా అడగలేదు. తిరుగు విమానంలో చాలాసేపు కిటికీలోంచి చూసి, నాతో ఒక్క మాట అంది.

"ముగ్గురట, ఓరెస్ట్. పేర్లు కూడా అడగాల్సింది."

క్షమించాలి, కాస్త నీళ్ళు తాగుతాను.

వట్టి చేతులతో వచ్చిందని ఊరు ఆమెను చాలా మాటలంది. దుకాణంలో పలకరించడం మానేసిన వాళ్ళున్నారు. వాళ్ళెవరో నేను చెప్పను, ఇవాళ పెరోగీలు తినడానికి వచ్చారు. (నవ్వులు)

ఇంతలో కిందటి వేసవిలో ఏమైంది? శాండ్‌స్టార్మ్‌ని కూడా అమ్మేశారు. ఈసారి సముద్రం ఒడ్డున పోర్ట్ విక్కమ్‌కి వెళ్ళింది, పేరు టైడ్స్. అంటే జీవితంలో సముద్రం చూడని ఐనార్ ఇప్పుడు లీగు రికార్డుల్లో టైడ్స్ వాళ్ళ గొప్ప ఆటగాడు. కొన్సుయెలో నాకు ఫోన్ చేసింది. మీ ఊరివాళ్ళకి ఇలాగే అనిపించిందా అని అడిగింది. ఇలాగే అనిపించిందన్నాను. సామాను లారీల్లో ఎక్కిస్తున్నప్పుడు కొత్త యజమానుల మనుషుల్ని ఆవిడ జెండా సంగతి అడిగిందట. ఆ ఎనిమిది ఎవరిదో వాళ్ళకి తెలియదు, కావాలంటే తీసుకుపొమ్మన్నారు. ఆవిడ తీసుకుపోయింది. పోస్టులో పంపడానికి మనసొప్పక, తనే తీసుకుని నిన్న సిగ్రున్ ఇంటికి వచ్చింది. మొదటిసారి విమానం ఎక్కింది, మొదటిసారి ఆకాశం నుంచి రాలే మంచు చూసింది. మన మానిటోబా జనవరి చలిలోకి పలుచని స్వెట్టరుతో దిగింది. పెట్టె నిండా జెండాయే, ఇక కోటుకు చోటెక్కడిది.

ఇప్పుడు నా అసలు కష్టానికి వచ్చాను. టిస్‌డేల్ గారు నాకు ఒక పని అప్పగించారు. సిగ్రున్ ఇంటికి వెళ్ళి జెండా తేవాలి, ఈ సభలో దాన్ని అందరికీ చూపించి, శనివారం మ్యాచ్‌కి మన స్టేడియంలో ఎగరేస్తామని ప్రకటించాలి. కొక్కేలు కూడా బిగించేశారు. సంతోషంగా వెళ్ళాను. తలుపు తీసి సిగ్రున్ వేలు పెదాల మీద పెట్టుకుంది. లోపల సోఫాలో కొన్సుయెలో మంచి నిద్రలో ఉంది. ప్రయాణపు అలసట, చలి. గడ్డం దాకా ఆ జెండా కప్పి ఉంది. ఎనిమిది అంకె ఆవిడ ఊపిరితో పైకీ కిందికీ కదులుతోంది. నేను టోపీ తీసి నిలబడ్డాను. లేచాక చూద్దాంలే అంది సిగ్రున్. కాఫీ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

అందుకే, అధ్యక్షురాలు గారూ, ఇందాకటి నుంచి మీరు బల్ల కింద వెతుకుతున్న జెండా నా దగ్గర లేదు. (నవ్వులు) ఇది మీకు ముందే చెప్పాల్సింది. ఉదయం నుంచీ ఎలా చెప్పాలా అని తిరుగుతున్నాను. శనివారం ఏం జరుగుతుందో నాకు తెలియదు. తెలిసిన మనిషి ఇక్కడే ఉంది కాబట్టి ఆమెనే అడుగుతాను. సిగ్రున్, ఏం చేద్దాం?

(శ్రీమతి సిగ్రున్ బ్యార్నసన్ లేచి నిలబడ్డారు.)

"నన్ను అడిగినందుకు సంతోషం. అప్పట్లో ఎవరూ అడగలేదు. ఐనార్‌కి ఎత్తు అంటే భయం. ఇంట్లో బల్బు మార్చాలన్నా నిచ్చెన నేనే ఎక్కేదాన్ని, తను కింద పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. మీరు దూలానికి కట్టిన రోజు నాకు అదే గుర్తొచ్చి తల దించలేకపోయాను. ఇన్నేళ్ళు పైనే ఉన్నాడు. చాలు. ఈ పక్కనున్న కొన్సుయెలో మార్చి దాకా మా ఇంట్లోనే ఉంటుంది, ఇంట్లో బాగా చలి. కప్పుకోవడానికి ఆ జెండా మాకు కావాలి."

(చప్పట్లు.)

సరే. టిస్‌డేల్ గారు తల ఊపుతున్నారు. కోపమో, ఒప్పుకోలో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు. ఒప్పుకోలే అనుకుంటాను, కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. కొన్సుయెలో అందరూ తనవైపు ఎందుకు చూస్తున్నారో తెలియక సిగ్రున్‌ని అడుగుతోంది. చెప్పు సిగ్రున్, నెమ్మదిగా చెప్పు, తొందరేం లేదు.

నాకు ఒక్కటి అర్థం కాలేదు, బహుశా ఇక కాదు. ముగ్గురు యజమానులు, మూడు ఊళ్ళు, రెండు క్రేన్స్. వీటిలో జట్టు అంటే ఏది? మంచు కాదు, అది వేసవికి కరుగుతుంది. ఆటగాళ్ళు కాదు, వాళ్ళు మారిపోతారు. పేరు కాదు, దాన్ని మనం మళ్ళీ తెచ్చుకున్నాం. ఇలా ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే ఏదో ఒకటి మిగలాలి. నిన్న ఆ సోఫా ముందు నిలబడ్డప్పుడు అది తెలిసినట్టే అనిపించింది, వీధిలోకి వచ్చేసరికి చలికి మళ్ళీ పోయింది. ఒడార్కా మోచెయ్యి లేస్తోంది, ముగిస్తాను.

నన్ను భరించిన శ్రోతలకు, వెనక్కి పిలిచిన క్లబ్బుకు, వెళ్ళినప్పుడు తిట్టి వచ్చినప్పుడు కౌగిలించుకున్న ఈ ఊరికి, నిమ్మచెట్టు వదులుకుని నా వెంట వచ్చిన ఒడార్కాకు, పూలు పెట్టిన కొన్సుయెలోకు, చెయ్యి పట్టుకుని నన్ను ఆపిన సిగ్రున్‌కు నా కృతజ్ఞతలు. శనివారం నుంచి నేనూ మీ మధ్య టికెట్ కొనుక్కుని కూర్చుంటాను. ఎవరైనా గోల్ కొడితే పక్కనున్న వాళ్ళు దయచేసి నాకు చెప్పండి, కొట్టింది మనవాళ్ళేనా అని. అంతవరకూ సెలవు.