యల్లాజీ రేడియో ఎంచుకున్న రోజు

యల్లాజీ అని మా పేటలో ఉన్నాడు. పోయినోడి కథ కాదిది, రేపెల్లి సూసుకోండి కావాలంటే. సిన్నప్పుడు జొరమొచ్చి రెండు కళ్ళూ పోనాయి. వలలు బాగుసేస్తాడు, ఆడి పెళ్ళాం పోలమ్మ సేపలమ్ముతాది. ఏటైందంటే, ఆ ఏడు పెద్ద గాలివాన కొట్టి ఫోన్లన్నీ సచ్చిపోనాయి కదా, అప్పుడు పట్నం నుంచి హామ్ రేడియో సంఘమోలు వొచ్చి బడి వరండాలో రేడియో పెట్టొకటి ముందరెట్టుకొని కూకున్నారు. టవరొద్దు, సిమ్ము కార్డొద్దు, రెండు గెడల మజ్జిన తీగ కట్టి గాల్లోనే మాటాడేస్తన్నారు! యల్లాజీ ఆ గొంతులిన్నాడు, అంతే, మనిషి మనిషిలా నేడు. కూటికి రాడు, ఇంటికి రాడు. "బాబూ, కళ్ళు నేనోడు మాటాడకూడదేటి?" అని అడిగినాడంట. అక్కడ పెద్దాయన, జగన్నాధంగారని, "దీనికి సెవులు కావాలి గాని కళ్ళెందుకయ్యా, పరీక్ష పాసవ్వు, లైసెన్సొస్తాది" అన్నాడంట. మనోడు ఊరుకున్నాడనుకున్నారా? దారినపోయే పిల్లలందరిసేతా ఆ పుస్తకం సదివించుకొని, ఇని ఇని, నోటితోనే పరీక్ష సెప్పి పాసైపోనాడు! సర్కారోలు ఆడికో పేరిచ్చినారు, అక్షరాలూ అంకే కలిపి. అలాటి పేరు ప్రెపంచకంలో ఇంకోడికి ఉండదంట. వల అల్లుతా అదే జపం.

ఇంక రేడియో కావాలి కదా. సంఘమోలు "ఒక పెట్టి మేవిస్తాం, రెండున్నాయి, నీకు ఏది కుదిరితే అది తీసుకెల్లు" అన్నారంట. పోలమ్మ మొగుడి సెయ్యట్టుకొని బస్సెక్కించి జగన్నాధంగారి మేడకి తీసుకెల్లింది. బల్ల మీద రెండు పెట్టిలు. ఒకటి పాతది, ఆయన వోడుకున్నదే, రుబ్బురోలంత బరువు. ఇంకోటి కొత్తది, పలకలాగ, ముందంతా గాజు. ఆ గాజు మీద రంగులు జారతా ఉంటాయంట, ఎక్కడ ఎవులు మాటాడతన్నారో కంటికి కనబడిపోతాదంట. కనబడితే మనోడికేటి? జగన్నాధంగారు మంచోడు, దాపరికం నేదు. "పాతది పాడైతే సామాను దొరకదు యల్లాజీ, కొత్తదానికి ఆ బెంగ నేదు. ఆలోసించుకో" అన్నాడు.

ముందు కొత్తదాని మీద సెయ్యేసినాడు. నున్నగా ఉన్నాది, ఏలుకి ఏటీ తగల్దు. ఒకటి నొక్కితే ఇంకోటవుతన్నాది, ఎక్కడికో ఎలిపోనాడు, ఎనక్కి రాలేడు. అప్పుడు జగన్నాధంగారు ఒక మీట సూపించి "గట్టిగా నొక్కి ఉంచు" అన్నాడు. నొక్కినాడు. ఓలమ్మో! లోపల్నుంచి ఒక ఆడగొంతు, తియ్యగా, రేడియో ఏ అంకె మీదున్నాదో ఇంగిలీసులో సదివీసినాది! యల్లాజీ కుర్సీలోంచి లెగిసిపోనాడు. "పోలీ, ఇన్నావా! ఎక్కడున్నానో అదే సెప్తన్నాది! నాకు ఇంకెవులూ అక్కర్నేదు!" అన్నాడు. పోలమ్మ మొకం సూడాలి అప్పుడు. "ఎవత్తది?" అన్నాది. జగన్నాధంగారు నవ్వాపుకోలేక మొకం తిప్పుకున్నాడంట. "మనిషి కాదమ్మా, మిషను" అన్నాడు. "మిషనైతే ఆడగొంతెందుకు?" అని కిటికీ దగ్గరికెల్లి నిలబడిపోనాది. ఎందుకు ఉడుక్కుందో మీకు నాను సెప్పాలా? ఇన్నాళ్ళూ దారి సెప్పింది తనే, ఏళ తప్పకుండా కూడెట్టింది తనే. ఎవులూ అక్కర్నేదంటే ఉండదేటి బాధ?

సరే, రెండోది కూడా సూడాలి కదా అని తీగ దానికి మార్సినారు. యల్లాజీ తడిమినాడు. ఒక మీట గరుకు, ఒకటి నున్నన, ఒకటి టిక్కుమంటాది, పెద్ద సక్రానికి ఏలు పట్టేంత గుంట. సిటికెలో అన్నీ ఆడి ఏళ్ళకి సుట్టాలైపోనాయి. తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు, ఉత్త బుస్సుమని సొద. ఆ సొద అడుగున, ఎక్కడో, దోమంత గొంతు! "ఉస్సు!" అన్నాడు. ఎంట్రుకవాసి తిప్పినాడు. గొంతు పెద్దదైనాది. కానీ ఎక్కడున్నాడో అంకె తెలీదే! ఇది సదవదు కదా! "పోలీ!" అని కేకేసినాడు. పోలమ్మ బస్సుల నంబర్లు సదువుకునే మనిషి, పరిగెట్టుకొచ్చి పెట్టి మీద ఎలిగే అంకెలు సూసి "ఏడు... సున్నా... ఎనిమిది!" అన్నాది. జగన్నాధంగారు "నీ లైసెన్సుకి అనుమతున్న సోటే, మాటాడు, మాటాడు!" అన్నాడు. మనోడు మైకట్టుకొని సర్కారిచ్చిన పేరు సెప్పినాడు. మల్లీ బుస్సే. ఇంకోసారి సెప్పినాడు. అప్పుడొచ్చింది, సంద్రం అవతల్నుంచి, పోర్టుబ్లేరు నుంచి, "ఇనబడతన్నావు, బాగా ఇనబడతన్నావు, నీ పేరేటి?" అని, తెలుగులో! ఆడూ మన కళింగపట్నమోడేనంట! "యల్లాజీని! యల్లాజీని బాబూ!" అని ఈడు అరుస్తన్నాడు. పోలమ్మ "దొరికినాడు! దొరికినాడు!" అని గెంతుతా ఉంటే గాజుల సప్పుడు, బల్ల మీద మంచినీళ్ళ గళాసు కింద పడిపోనాది, ఎవులికీ పట్టనేదు. "అదేటి సప్పుడు?" అని అవతలోడడిగినాడు. "నా ఇంటిదిలే బాబూ" అన్నాడు.

మాటైపోయాక జగన్నాధంగారు "మరేది కట్టీమంటావు?" అన్నాడంట. యల్లాజీ ఆ గాజుపెట్టిని ఇంకోసారి తడిమినాడు, ఆశ ఉన్నాది మరి. "ఆ పెట్టిలో ఆడగుంట అంకె తప్పకుండా సెప్తాది బాబూ. మనిషి దొరికితే గెంతదు కదా. పాతదే ఇవ్వండి" అన్నాడు. పోలమ్మ సేపల గంపలో గోనె పరిసి, అంత బరువూ నెత్తినెట్టుకొని, మొగుడి సెయ్యట్టుకొని బస్సుకి నడిసినాది.

బాగుంది కదాని మీరూ పాతదే తెచ్చుకోకండి. సంద్రం గాలికి దాని మీటొకటి బిగుసుకుపోతే, బాగుసేయించడానికి మల్లీ నెత్తినెట్టుకొని తిరిగింది ఆ పోలమ్మే. కొత్తది ఎవులికో ఇచ్చినారు, సుబ్బరంగా పనిసేస్తందంట. నన్నడిగితే కొత్తదే మంచిది. యల్లాజీతో ఆ మాటంటే కొట్టొస్తాడు. సాయంత్రం ఆల్ల గుమ్మం ముందు నుంచి ఎల్లండి, ఇనబడతాది: "కుడికి తిప్పు మావా." "తిప్పినానే." "ఎక్కువ తిప్పీసినావు!" మైకు మూసేది మర్సిపోతారు, దేశమంతా ఇంటన్నాది. ఇద్దరికీ సిగ్గు నేదు!