గాలిమేస్త్రి ఎడమ చెవి

గాలిమేస్త్రి బల్ల మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడంటే చాలు, టీకొట్టావిడ ఇంకో గిన్నెడు పాలు పొయ్యి మీద పెట్టేస్తుంది. ఆయన కథ ఒక్క టీతో తెమిలేది కాదని ఆవిడకి ఎప్పుడో తెలిసొచ్చింది. ఆ కొట్టు పంపుల ఫ్యాక్టరీ గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఒక పక్క సైకిల్ స్టాండు, ఇంకో పక్క లారీ టైర్లకి గాలి కొట్టే షాపు, మధ్యలో రెండు బల్లలు. మొదటి షిఫ్టు దిగినవాళ్ళు కాసేపు అక్కడ కూర్చోకుండా ఇంటికి పోరు.

ఆ రోజు మాత్రం మేస్త్రి బావమరిది గ్లాసులో టీ ముట్టకుండానే చల్లారుతోంది. అతను అదే ఫ్యాక్టరీలో వెల్డరు. అక్క మొగుడంటే ప్రాణం, అక్క మొగుడి నోరంటే భయం. ఎప్పట్లాగే బావకి కుడిపక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఎదురు బల్ల మీద, క్రేన్ ఆపరేటర్ పక్కన, ఎన్నడూ లేనిది కార్బన్ మేడం వచ్చి కూర్చుంది. ఆ అమ్మాయి ఉద్యోగం పేరు చాంతాడంత ఉంటుంది. ఫ్యాక్టరీ ఎంత కరెంటు తింటోంది, దానివల్ల ఎంత పొగ పైకి పోతోంది, వరదొస్తే ఏది మునుగుతుంది, ఎండ ముదిరితే ఏది ఆగిపోతుంది, ఇవన్నీ చూసే ఇంజనీరు. అంత పేరు నోరు తిరగక అందరూ కార్బన్ మేడం అనేశారు. ఆ అమ్మాయి కూడా పాపం దానికే పలుకుతోంది.

"మేస్త్రి గారూ, అయిదింటిలోపు హెడ్డాఫీసుకి పేరు పంపాలి," అంది నోటుబుక్కు తీస్తూ. "మన నాలుగు ఫ్యాక్టరీల్లోనూ గాలి లీకులు పట్టడానికి ఒక దళం పెడుతున్నారు. దానికి పెద్ద కావాలి. ఇక్కడ నాలుగు నెలల్లో మూడొందల పన్నెండు లీకులు పట్టింది మీరు. పైపుల్లో గాలి కారితే కంప్రెసర్లు ఊరికే తిరుగుతాయి, అవి తిరగడానికి ఎక్కడో బొగ్గు ఊరికే మండుతుంది. మీ పుణ్యమా అని ఒక కంప్రెసర్ ఆపేశాం. ఎలా పట్టారో చెప్పండి. పదిమందికీ నేర్పగలిగే పద్ధతయితే మీ పేరే పంపుతాను."

వెల్డరుకి కావాల్సిందీ అదే. బావ ఇరవయ్యారేళ్ళు కంప్రెసర్ గదిలో గడిపాడు. ఇప్పుడు పాతవి పీకేసి వాటంతట అవే నడిచే కొత్తవి పెడుతున్నారు. ఈ పని దొరక్కపోతే బావని స్టోర్సులో కుర్చీ వేసి కూర్చోబెడతారు, అడిగినవాళ్ళకి నట్లూ బోల్టులూ అందించడానికి. అలా కూర్చోబెడితే మనిషి ఆర్నెల్లలో మంచం పడతాడని అక్క బెంగ. "ఉన్నది ఉన్నట్టు చెప్పించరా తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది," అని పొద్దున్నే ఫోన్ చేసింది.

"పద్ధతా?" అన్నాడు గాలిమేస్త్రి, గ్లాసు పక్కన పెట్టి. "పద్ధతేముందమ్మా. చెవి."

వెల్డరు కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, మొదలెట్టేశాడు.

"ఆ రోజు పెయింటు షెడ్డులోంచి నడిచి వస్తున్నానా, పెద్ద పనేం లేదు, ఊరికే అటుగా వస్తున్నాను. మూడు మోటార్లు తిరుగుతున్నాయి, ఇద్దరు సుత్తులతో బాదుతున్నారు. అంత గోలలో సుయ్ మని ఒక్క చప్పుడు. దోమ ఆవలించినట్టు. ఆగిపోయాను. అటూ ఇటూ చూళ్ళేదు, నేరుగా వెళ్ళి ఒక జాయింటు మీద వేలు పెట్టాను. అదే. రెండు తిప్పులు తిప్పాను, నోరు మూసుకుంది. సరే, ఇదేమంత గొప్ప కాదు, ఎవరైనా చేస్తారు."

"మూడు మోటార్లు తిరుగుతుంటే ఎవరైనా వింటారా?" అన్నాడు క్రేనాయన.

"అదే చెప్తున్నా, తొందరపడకు. మర్నాడు నా గదిలో కూర్చుని అన్నం తింటున్నాను. అక్కడికి మూడో షెడ్డెంత దూరం? ఎక్కడా ఆగకుండా నడిచినా పది నిమిషాలు. ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, వినపడింది. తింటూనే ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాను. అయ్యా, మీ షెడ్డులో నాలుగో స్తంభం, నేల నుంచి ఏడడుగులు, గోడ వైపు జాయింటు, వెళ్ళి చూసుకోండి అన్నాను. చూశాడు. ఉంది. ఆయన నాకు ఫోన్లోనే దణ్ణం పెట్టాడు."

"ఫోన్లో పెట్టిన దణ్ణం నీకెలా కనపడింది అన్నయ్యా?" అంది టీకొట్టావిడ, గ్లాసులు కడుగుతూ.

"చేతులు కలిసిన చప్పుడు వినపడదా ఏంటి? అదీ చెవంటే."

అప్పుడే పక్క షాపాయన ఒక లారీకి గాలి కొట్టడం ముగించి, గొట్టాన్ని తెచ్చి మేస్త్రి వెనక స్తంభానికున్న మేకుకి తగిలించి, టీ కోసం వచ్చి నిలబడ్డాడు. వెల్డరు ఒకసారి వెనక్కి చూశాడు. టీకొట్టావిడా చూసింది. కార్బన్ మేడం చూసిందో లేదో తెలియలేదు, ఆ అమ్మాయి చూపు మాత్రం మేస్త్రి చేతుల మీద ఉంది. నోటుబుక్కులో ఇంతవరకూ పడింది ఒక్కటే మాట. వెల్డరు బావ మోకాలిని మోకాలితో పొడిచాడు.

"ఏంట్రా, చోటు చాల్లేదా?" అని మేస్త్రి కొంచెం జరిగి కొనసాగించాడు. "ఇక రెండో ఫ్యాక్టరీ సంగతి. అది ఇక్కడికి ఒక రాత్రి రైలు ప్రయాణం. అక్కడి ఫిట్టరు వాళ్ళమ్మాయి పెళ్ళని నన్ను పిలవడానికి ఫోన్ చేశాడు. ముహూర్తం చెప్తున్నాడు. ఆగవయ్యా అన్నాను, ముహూర్తం తర్వాత, నీ వెనక గాలి కారుతోంది, ముందు దాని సంగతి చూడు. వాడు ఫోన్ అక్కడే వదిలేసి పరిగెత్తాడు. ఇలా మూడొందల పన్నెండు. అన్నీ బిగించేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఒక కంప్రెసర్ ఆపేశారు. మేడం ఇప్పుడే చెప్పింది," అన్నాడు క్రేనాయన.

"ఒకటి అందరికీ తెలిసింది. నేను రెండోదీ ఆపాను. మూడోది తనే ఆగింది, చెయ్యడానికి పని లేక. అయినా పైపుల్లో గాలి తగ్గితేనా? కారే దారి లేదు కదా, ఎక్కడి గాలి అక్కడే. కరెంటు మీటరు నిలబడిపోయింది. కాసేపు ఆలోచించుకుని వెనక్కి తిరగడం మొదలెట్టింది. వారం తిరక్కుండా ఆ కరెంటు తయారుచేసే చోటి నుంచి పెద్దాయన ఫోన్. మేస్త్రీ, ఒకట్రెండు లీకులైనా వదిలెయ్యి నాయనా, మా బాయిలరు ఆరిపోయేట్టుంది, ఇంతమందిమి వీధిన పడతాం అని ఒకటే ఏడుపు. కుదరదండీ అన్నాను. నా చేతుల్లో ఏముంది, చెవి వింటోంది, చెయ్యి బిగిస్తోంది."

"మరి మన పొగగొట్టం?" క్రేనాయనకి కూడా ఊపొచ్చింది.

"మంచి మాట అడిగావు. పొగ వదలడం మానేసి పీల్చడం మొదలెట్టింది. పక్క ఫ్యాక్టరీవాళ్ళ పొగ కూడా మనదే లాగేసుకుంది. వాళ్ళ గొట్టం మీద పావురాలు గూడు కట్టాయి, వెళ్ళి చూసుకో. అంతలో వరదొచ్చింది."

"వరదొచ్చింది రెండేళ్ళ కిందట కదా మేస్త్రీ? ఆ దెబ్బకే కదా కంప్రెసర్లన్నిటినీ నాలుగడుగుల దిమ్మెల మీదకి ఎక్కించారు. నువ్వు లీకులు పట్టింది మొన్న."

గాలిమేస్త్రి అతన్ని జాలిగా చూశాడు. "అది అందరికీ తెలిసిన వరద. నేను చెప్పేది ఎవరికీ తెలియని వరద. తెలియకుండా ఆపింది ఎవరు మరి? విను. నీళ్ళు గేటు దాకా వచ్చేశాయి. దిమ్మెలు చాలవు. అప్పుడు నేనేం చేశానంటే, మిగిలిపోయిన గాలంతా ఒక్కసారి నేల కిందకి వదిలాను. షెడ్డుకి షెడ్డు జానెడు లేచింది. కింద నుంచి నీళ్ళు వాటి దారిన అవి వెళ్ళిపోయాయి. లోపల లేతు మిషను దగ్గరున్నవాడి గ్లాసులో టీ తొణకలేదు. మెల్లిగా దింపాను. దింపేటప్పుడు వేలెడు పక్కకి దిగింది, ఒప్పుకుంటాను, అందుకే క్యాంటీను తలుపు ఇప్పటికీ సరిగ్గా పడదు."

"తలుపు పడనిమాట నిజమే," అన్నాడు టైర్ల షాపాయన, తనలో తను అనుకున్నట్టు.

వెల్డరు నోటుబుక్కు వైపు చూసి నీరుగారిపోయాడు. కార్బన్ మేడం పెన్నుకి మూత పెట్టేసింది. గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. ఈ మనిషి తన నోటితో తనే స్టోర్సులోకి నడిచి వెళ్తున్నాడు, అక్కకి ఏం చెప్పాలి అనుకున్నాడు.

మేస్త్రికి ఇవేం పట్టలేదు. బల్ల మీద నిటారుగా కూర్చున్నాడు. "చూడమ్మా, కుడి చెవి మామూలుదే, దాన్ని లెక్కలోకి తీసుకోకు. అసలు పనితనమంతా ఈ ఎడమ చెవిది. భూమి మీద ఎక్కడ గాలి కారినా దీనికి అందాల్సిందే. అలా రాసుకో."

టీకొట్టావిడ కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టింది. కొట్టు చుట్టూ తిరిగి వచ్చి ఆయన ఎదురుగా నిలబడి, నిదానంగా చెప్పింది.

"అన్నయ్యా, నీ ఎడమ చెవికి మూరెడు దూరంలో ఆ గొట్టం నువ్వు రెండో లీకులో ఉన్నప్పటి నుంచీ బుస కొడుతోంది. మా చెవులే హోరెత్తిపోతున్నాయి. నీకు తప్ప ఇక్కడ అందరికీ వినపడుతోంది."

గాలిమేస్త్రి వెనక్కి తిరిగాడు. మేకుకి వేలాడుతున్న గొట్టాన్ని చూశాడు. చెయ్యి చాపి మూతి దగ్గర పెట్టాడు, గాలి వేళ్ళకి కొట్టింది. క్రేనాయన నవ్వబోయి, వెల్డరు మొహం చూసి మానుకున్నాడు.

ఇక దాచడంలో అర్థం లేదనిపించింది వెల్డరుకి. "బావకి ఎడమ చెవి వినపడదు మేడం. ఆరేళ్ళయింది. కంప్రెసర్ల హోరుకి పోయింది. కుడిదానికీ మాటలు అందుతాయి గానీ ఇలాంటి బుసలు అందవు. నేను ఈ పక్కనే కూర్చునేది అందుకే," అన్నాడు. "ఆ లీకులన్నీ పట్టింది సబ్బు నీళ్ళతో. నాలుగు నెలలు బకెట్టు, కుంచె పట్టుకుని నిచ్చెనెక్కి జాయింటు జాయింటుకీ రాశాడు. నురగ పొంగితే లీకు. మా అక్క ఇంట్లో సబ్బు నిలవడం లేదు."

"నువ్వూరుకోరా," అన్నాడు మేస్త్రి. గొంతు తగ్గింది. "సబ్బు నీళ్ళు రాయడం కొత్తగా చేరినవాళ్ళు చేసే పనమ్మా. ఇరవయ్యారేళ్ళు మిషను చప్పుడు విని దాని జబ్బు చెప్పినవాణ్ణి. ఇప్పుడు బకెట్టు పట్టుకుని తిరిగానని చెప్పడానికి సిగ్గేసింది. చెవి పోయిందని తెలిస్తే అసలు లోపలికే రానివ్వరని భయమేసింది."

కార్బన్ మేడం ఆయన చేతుల వైపు చూపించింది. వేళ్ళ చివర్లు సబ్బుకి నాని నాని, పొట్టు లేచి ఉన్నాయి.

"నాకు సగం తెలుసు మేస్త్రి గారూ. మీరు లీకు పట్టి గుర్తుకి ఎర్రగుడ్డ కట్టిన ప్రతి జాయింటునీ నేను వెళ్ళి చూశాను. చుట్టూ తెల్లగా సబ్బు చార ఉంది. మీ నోటితో చెప్తారేమోనని కూర్చున్నాను. చెప్పకపోతే ఏం రాయాలో తెలియక పెన్ను మూసేశాను."

మేస్త్రి లేచి టీకొట్టావిడ గ్లాసులు కడిగే తొట్టిలో వేళ్ళు ముంచి, నురగ తీసుకొచ్చి గొట్టం పొడుగునా రాశాడు. మూతి దగ్గర బుస్సుమని పొంగింది. అది అందరూ విన్నదే. కానీ మధ్యలో రెండు చోట్ల, చప్పుడే లేనిచోట, ఆవగింజంత బుడగలు మెల్లిగా లేచాయి. ఆయన వాటి మీద ఒక్కో వేలు పెట్టి చూపించాడు.

టైర్ల షాపాయన దగ్గరికొచ్చి కళ్ళు చికిలించాడు. "పొద్దుట్నుంచీ మూతి దగ్గర ఒక్కటే అనుకుంటున్నాను," అన్నాడు.

"ఇదే నాక్కావాల్సింది," అంది కార్బన్ మేడం. "చెవినైతే నేను ఎవరికీ నేర్పలేను. పైగా చెవితో పట్టాలంటే మిషన్లన్నీ ఆపాలి. ఒక్క మిషనూ ఆపకుండా ఎలా పట్టారా అని హెడ్డాఫీసు అంతా తల బద్దలు కొట్టుకుంటోంది. మీ పేరు పంపుతున్నాను."

గొట్టం వైపు తిరిగి ఉన్న గాలిమేస్త్రి వచ్చి బల్ల మీద కూర్చుని, ఆ అమ్మాయి పెదాల వైపు చూశాడు. "ఏమన్నావమ్మా? ఈ గొట్టం గోలలో సరిగ్గా..." అని ఆగిపోయాడు. తన అబద్ధానికి తనకే నవ్వొచ్చింది. "వినపడలేదమ్మా," అన్నాడు.

వెల్డరు లేచి చోటిచ్చాడు. ఆ అమ్మాయి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయనకి కుడిపక్కన కూర్చుని మళ్ళీ చెప్పింది. "మీ పేరు పంపుతున్నాను. రేపు ఎనిమిదింటికి బకెట్టు తీసుకుని రండి. మీ ఇంటి సబ్బు వద్దు, కంపెనీ ఇస్తుంది."

మేస్త్రి మొహం తుడుచుకున్నాడు. వెల్డరు పక్కకెళ్ళి అక్కకి ఫోన్ చేస్తుంటే వెనక నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు వినపడింది.

"నాలుగు ఫ్యాక్టరీలకి ఒక్క బకెట్టేం సరిపోతుంది తల్లీ. నేను నురగ తియ్యడం నువ్వింకా చూళ్ళేదు. ఒకసారేమైందో తెలుసా, సబ్బు కొంచెం ఎక్కువై, ఆ నురగ గేటు దాటి..."

"ముందు నా గొట్టం సంగతి చూడు మేస్త్రీ," అన్నాడు టైర్ల షాపాయన. "మూడు చోట్ల కారుతోంది."