బొమ్మ జెట్ కాలు

“ఈ జెట్టుని ఎగరేసే ఆ గిరిబాబుగాడి సేతులు పడిపోనూ! కళింగపట్నం ఇసకలో దించొద్దురా అని మొత్తుకున్నాను. ఇన్నాడా? సక్రాలు కూరుకుపోయి కాలు ఊడొచ్చేసినాది.”

విజయనగరంలో డ్రోన్లు బాగుచేసే యమున, ఆ బొమ్మ జెట్ విమానాన్ని బల్లమీద వెల్లకిలా పెట్టి, ఊడిన చక్రం కాలు అటూ ఇటూ తిప్పి చూసింది. జగన్నాధం తిట్టడం ఆపి బల్లమీదికి వంగాడు.

“కాలు నిలబెట్టేస్తాను సిన్నాన్నా. రెక్కలో కాలు బిగించిన సెక్క సీలింది, అంతే. అయినా పొలం తాకట్టెట్టి బొమ్మ కొన్నావేటి?”

“తిరనాళ్లలో ఎగరేస్తే జనం ఎగబడతారని ఆ గిరిబాబుగాడే నన్ను ఎగదోసినాడమ్మీ. ఇప్పుడు అమ్మేస్తన్నాను. కొనేవోడు రేపొస్తాడు, ఎగిరితేనే డబ్బులంటన్నాడు. రేపు అప్పు కట్టకపోతే పొలం షావుకారికి రాసిచ్చీయాల.”

యమున ఇంజను మూత విప్పింది. వేలు పెట్టి తిప్పబోతే కదల్లేదు.

“లోపల తెల్లగా పేరుకున్నాదేటి? సముద్రంలో గానీ పడిందా?”

“పడ్లేదు. ఇసక పట్టేసిందని నేనే కడిగినాను.”

“ఏ నీళ్లతో?”

“ఏ నీళ్లేటి? ఒడ్డునే ఉన్నాం కదా. పడవ కడిగినట్టే బకెట్టుతో ముంచి శుభ్రంగా దిమ్మరించినాను.”

యమున స్క్రూడ్రైవరు పక్కన పెట్టేసింది.

“పక్కనెట్టేసినావేటమ్మీ? కాలు నిలబడతాదన్నావు కదా!”

“కాలు నిలబడతాది సిన్నాన్నా. ఇంజనుని ఉప్పు తినేసింది, బిగుసుకుపోయింది. ఇంక ఇది ఎగరదు.”

జగన్నాధం ఇంజను లోపల వేలితో గీకి, అంటిన ఉప్పుని పంచెకి తుడుచుకున్నాడు.

“పొలం ఎంత సిన్నాన్నా?”

“ఎకరం పద్దెనిమిది సెంట్లు.”