బాపినీడు దాచిన గాజుబుడ్డి

ఏమయ్యా శేషయ్యా, ముందు వరసలో చాపేసుకుని కూర్చోడానికి సిగ్గనిపించలా నీకు? మొన్న సంతలో బర్రెను అమ్మి, బేరం అయినాక దాని మెడలో గంట ఊడబీకి జేబులో ఏసుకున్నావంటగా. నవ్వబాకండి మీరు, మీలో ఎంతమంది సంగతి నాకు తెలవదూ? గంటేగా అంటాడు. గంటే అనుకో. అమ్మిన వస్తువులో గుండుసూదయినా ఇంక నీది కాదు. ఈ కథ నీకోసమే చెబుతున్నా, తల దించుకోకుండా విను.

సున్నాలేసే అంకమ్మ అని ఒకామె ఉండేదంట. ఊరి చివర సున్నంబట్టీ పక్కన ఇల్లు. ఊళ్ళో ఏ గోడ తెల్లగా ఉందన్నా అది అంకమ్మ చేతి చలవేననుకో. ఆ ఊళ్ళోనే పెద్దరైతు బాపినీడు. ఆయన ముందుగదిలో రేడియో ఉండేదంట. చేతిలో పట్టుకు తిరిగే రేడియో కాదది, నేలమీద నిలబెట్టే టేకు పెట్టె, చిన్న బీరువా అంత. ముందు గుడ్డ తెర, లోపల వరసగా గాజుబుడ్లు, వాల్వులంటారే, అవి. మీట తిప్పంగానే పలకదు. బుడ్లు ఎర్రగా కాగాలి, కాగితేనే నోరు తెరుస్తది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అంకమ్మ చిన్నప్పుడు వాళ్ళమ్మ వెంట ఆ ఇంటికి సున్నమేయడానికి పోయిందంట. పోతే ఏమైందంటే, రేడియోలో పాట వస్తా ఉంది. ఈ పిల్ల కుంచె పట్టుకుని అట్టాగే నిలబడిపోయింది. బాపినీడు చూశాడు, టక్కున కట్టేశాడు. "సున్నమేసేవాళ్ళకి పాటలెందుకే? అంత వినాలనుంటే గోడవతలికి పోయి నిలబడు" అన్నాడంట. పోయి నిలబడింది. పనివాళ్ళంతా అక్కడ నిలబడేవాళ్ళే. వాళ్ళు నిలబడ్డారని తెలిస్తే రేడియో గొంతు తగ్గించేవాడంట ఆ మహానుభావుడు. వింటే ఆయన సొమ్మేం అరిగిపోద్ది? అరగదు. అయినా తగ్గించేవాడు.

ఏళ్ళు గడిచాయనుకో. రేడియో మూగబోయింది, ఎలకలు కాపురం పెట్టాయి. బాపినీడు మేడ కడతా పాత సామానంతా అమ్మకానికి పెట్టాడు. అంకమ్మ తన రెండు మేకల్ని అమ్ముకుని వచ్చి, "బాబుగారూ, ఆ రేడియో నాకియ్యండి" అన్నదంట. "నీకెందుకే, కోళ్ళగూడు చేసుకుంటావా?" అని నవ్వాడు. "కోళ్ళో, పాటలో, కొన్నాక నా ఇష్టం గదా" అన్నది. డబ్బు పుచ్చుకుని, రేపు బండి తెచ్చుకోమన్నాడు. పంపించాక కుదురు లేదంట ఆయనకి. నా ఇంట పాడింది సున్నంబట్టీ కాడ పాడితే నా పరువేం గాను, అనుకున్నాడు. పోయి వెనక చెక్క తీసి, ఒక బుడ్డి పీకి, గుడ్డలో చుట్టి అటక మీద దాచాడు. మూడోకంటికి తెలవదనుకున్నాడు. ఎవడయినా అట్టాగే అనుకుంటాడు, శేషయ్యా.

అంకమ్మ పెట్టెను ఇంటికి తెచ్చుకుని, ఎలకల గూడు దులిపి, చెక్కంతా నూనె గుడ్డతో రుద్దిందంట. చిరిగిన తెర తీసేసి తన పెళ్ళి చీర కొంగు కోసి బిగించింది. చీరాల నుంచి రేడియోలు బాగుచేసే మస్తాన్ సాయిబును పిలిపించింది. ఆయన తీగలన్నీ మార్చి, తల గోక్కున్నాడు. "అంతా అయిందమ్మా, ఒక బుడ్డి లేదు. ఈ రకం బెజవాడలో కూడా దొరకట్లా" అన్నాడు. అంకమ్మ వంగి చూసింది. బుడ్లు గుచ్చిన రేకు ఇంకా ఎవరూ తుడవలా, చుట్టూతా అంగుళం దుమ్ము, బుడ్డి ఉండాల్సిన చోట మాత్రం గుండ్రంగా శుభ్రం. గోడమీద పటం తీస్తే దాని కింద తెల్లమచ్చ ఎట్టా మిగులుద్దో అట్టా ఉందంట. గోడలు చూసిన కళ్ళు గదా అవి! "ఇది ఎలక పని కాదు సాయిబూ. నిన్నామొన్నా తీసిందే" అన్నది.

నేరుగా పోయి అడిగింది. "చూసుకుని కొనుక్కోవాల్సింది, ఇప్పుడొచ్చి నన్నడిగితే?" అన్నాడు బాపినీడు. సరేనని తిరిగొచ్చి, ఆ మూగపెట్టెను తన అరుగుమీద పెట్టి, రోజూ ఒక బంతిపువ్వు పెట్టేదంట. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు ఎకసెక్కాలు. "ఏం అంకమ్మా, ఏం పాడతా ఉంది నీ రేడియో?" "బాపినీడుగారి దొంగతనం పాడతా ఉంది. మీ చెవులకే ఎక్కట్లా." ఎవరడిగినా ఇదే మాట. ఊరంతా పాకింది. బాపినీడు మనుషుల్ని పంపి బెదిరించాడు, తన ఇంటి సున్నం పని మానిపించాడు. మానిపిస్తే ఏం, మాట మారలా. అదే పువ్వు, అదే మాట.

ఇట్టా ఉండగా ఏమైందంటే, వానాకాలం వచ్చింది. బాపినీడు కూతురు సరళ బెజవాడలో చదువుతుందంట, మంచి గొంతు. ఆ సాయంత్రమే రేడియోలో ఆ పిల్ల పాట అని పొద్దున్నే కబురొచ్చింది. బెజవాడ పోయి విందామంటే వాగు పొంగి బస్సు ఆగిపోయింది. ఆయన కొత్తగా కొన్న చేతిరేడియో ఆ వానలో గరగర తప్ప ఇంకోమాట అనలా. భార్య రాజ్యమ్మ అటక కింద నిలబడి అన్నదంట, "దించండి దాన్ని." "ఏంది దించేది?" "నాకు తెలవదనుకోబాకండి. నేను తీసుకుపోతే దొంగసొమ్ము మోసినదాన్నవుతా. మీ చేత్తో తీశారు, మీ చేత్తోనే పెట్టండి." అని చెప్పి, తను ముందే పోయి అంకమ్మకి అటక సంగతి చెప్పి, ఈ పూటయినా పెట్టె పలకకపోద్దా అని అరుగుమీద చేరిన జనంలో కలిసి చాపమీద కూర్చుంది.

బాపినీడు బయల్దేరాడు. నాలుగడుగులేస్తాడు, ఆగుతాడు. మళ్ళీ ఏస్తాడు, మళ్ళీ ఆగుతాడు. ఎట్టాగో వచ్చి, తువ్వాల్లోంచి బుడ్డి తీసి, "మూలన దొరికింది, ఎలక లాక్కుపోయిందేమో" అన్నాడు. "గుడ్డలో చుట్టి అటకెక్కించిందా బాబుగారూ? తెలివైన ఎలకే!" అన్నది అంకమ్మ. అరుగంతా ఘొల్లుమంది. "ఆ ఎలక పేరు చెప్పండి. లేదంటే పట్టుకుపోండి, నా రేడియో ఇట్టాగే మూగగా ఉంటది." తనకీ పాట వినాలనే ఉంది, అయినా తగ్గలా. "పొద్దుపోతా ఉందండీ" అని రాజ్యమ్మ ఏడుపు. ఆయన మీసం తడుముకున్నాడు, నేల చూశాడు, వాన చూశాడు. "నేనే తీశా" అని గొణిగాడంట. "గోడవతల నిలబడ్డవాళ్ళకి వినపడలా బాబుగారూ. మేం చిన్నప్పుడు నిలబడింది అక్కడే." అప్పుడు అరిచి చెప్పాడు, "అమ్మినాక నేనే పీక్కున్నా!"

అంకమ్మ ఇంకో మాట అనకుండా, సాయిబు చూపించిన చోట బుడ్డి గుచ్చి మీట తిప్పింది. "రండి, మీరూ లోపల కూర్చోండి, మా ఇంట్లో ఎవరూ బయట నిలబడరు" అని చాప చూపించింది. కూర్చున్నాడు. నేను ముందే చెప్పా గదా, వెంటనే పలకదని? బుడ్లు ఎర్రబడతా ఉన్నాయి, అందరూ పెట్టె దగ్గరికి జరిగారు. పెట్టె నోరు తెరిచింది, గొంతు ఖంగుమంది. "ఇంతవరకు పాడినవారు కుమారి సరళ" అన్నదంట. ఆ తరవాత ఎరువుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. అంకమ్మకేం, రేపు పాట, ఎల్లుండి పాట. బాపినీడుకి మాత్రం బిడ్డ పాటకి బదులు బిడ్డ పేరే దక్కింది. అదయ్యా శేషయ్యా, ఒక్క గాజుబుడ్డికి ఆయన కట్టిన వెల.