నిలబడ్డవాడు కూర్చునేదాకా

పెద్దలారా, అమ్మలారా, మా కంపోంగ్ జెరింగ్ ఊరివాళ్ళారా,

ఆదివారం పనులు మానుకుని సింగపూర్ నలుమూలల నుంచి ఈ బుకిట్ పంజాంగ్ దాకా వచ్చారు. సంతోషం అనే మాట ఈ రోజు నా నోటికి రావడం లేదు. మన కొండలరావు బాబాయి పోయి పదకొండు రోజులైంది. ఆయన్ని సాగనంపడానికి వెళ్ళింది ముగ్గురు. కొడుకు జయరాం, కోడలు, పక్క ఫ్లాట్‌లోని మలయ్ పెద్దాయన. నలభై రెండు ఇళ్ళ ఊరు మనది. మనలో ఒక్కరమూ లేము. ఎందుకు లేము? మనకు తెలియలేదు. ఎందుకు తెలియలేదు? అది చెప్పడానికే ఈ నళిని మీ ముందు నిలబడింది.

పిల్లలకు తెలియకపోవచ్చు. మన ఊరు రబ్బరు తోట పక్కన ఉండేది. తోట దొర ఇంగ్లండులో ఏదో చిన్న పల్లెటూరివాడు. వాళ్ళ ఊరు తన పనులు తానే చక్కబెట్టుకునే పద్ధతిని మన తాతలకు నేర్పాడు. సమావేశానికి మూడు రోజుల ముందు నోటీసు అంటించాలి. ఇంటికొకరు రావాలి. తీర్మానం ఇష్టమైనవాళ్ళు కూర్చునే ఉండాలి, కాదనేవాళ్ళు లేచి నిలబడాలి. దానికి మన తాతలు ఒక మాట కలిపారు. నిలబడ్డవాడు కూర్చునేదాకా తీర్మానం రాయకూడదు.

వీధి కుళాయికి వంతులు వేసిన రోజు నాకు గుర్తుంది. అద్దెకున్న కొండమ్మకు వంతు లేదన్నారు. బాబాయి లేచారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. ఊరి కమిటీకి ప్రెసిడెంటుగా ఉన్న మా నాన్న కోప్పడ్డారు, బతిమాలారు. బాబాయి వాదించలేదు. "ఆవిడకూ దాహమేస్తుంది" అన్నారు, అంతే. ఇళ్ళల్లో అన్నాలు చల్లారిపోయాయి. కొండమ్మ పేరు రాశాకే కూర్చున్నారు.

తర్వాత ప్రభుత్వం ఊరు ఖాళీ చేయించింది. తలా ఒక ఫ్లాట్‌కి చెదిరిపోయాం. కమిటీ మాత్రం చెదరలేదు, బాబాయి వల్ల. ఏటా నోటీసు ఈ బ్లాకు కింది స్తంభానికే అంటించేవారు. శుభ్రం చేసేవాళ్ళు పీకేస్తే మళ్ళీ అంటించేవారు. నవ్వుకున్నాం కదూ? నేనూ నవ్వాను. కానీ ఎవరింట మనిషి పోయినా ట్రైనెక్కి, బస్సు మారి, ఇంటింటికీ కబురు తీసుకెళ్ళింది ఆయనే. ఫోను చాలదా అంటే, "ఇలాంటి కబురు గడప దగ్గరే చెప్పాలమ్మా" అనేవారు.

మొన్న జనవరిలో చివరి సమావేశం. ఊరే లేనప్పుడు కమిటీ ఎందుకని రద్దు తీర్మానం పెట్టాం. పెట్టింది నేనే. పద్నాలుగు మంది కూర్చునే ఉన్నారు. బాబాయి ఒక్కరే కర్ర ఊతంతో లేచారు. ఎందుకు బాబాయీ అని అడగాలి కదా? నేను అడగలేదు. హాకర్ సెంటర్‌లో మనవాళ్ళు భోజనాలకు బల్ల చోప్ చేసి, వేరెవరూ కూర్చోకుండా పట్టి ఉంచారు, ఆలస్యమవుతోంది. ఆయన నిలబడి ఉండగానే తీర్మానం పుస్తకంలో రాశాను. ఆయన నిలబడి ఉండగానే పుస్తకం మూశాను. అందరం మకాన్‌కి వెళ్ళిపోయాం. ఆయన కూర్చోవడం నేను చూడలేదు.

అందుకే మనకు కబురు రాలేదు. కబురు తెచ్చే పనిని మనమే రద్దు చేశాం. తువాస్‌లో డ్యూటీ నుంచి నేరుగా ఆసుపత్రికి పరుగెత్తిన జయరాం దగ్గర మన నంబర్లు లేవు. ఐదో రోజున ఎవరో వాట్సాప్‌లో పెడితే చూశాను. కమిటీని మళ్ళీ పెడదామని నిన్న ఒకరన్నారు. పెడితే ఇంటింటికీ ఎవరు తిరుగుతారు? నా మోకాళ్ళు తిరగనివ్వవు. మీరెవరూ తిరగరు. మిమ్మల్ని ఓదార్చడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ రోజు మనలో ఇంకొక్కరు లేచి ఉంటే నా చెయ్యి ఆగేది. ఎవరూ లేవలేదు. ఇప్పుడు లేవండి. అందరూ లేవండి. రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడదాం. దయచేసి, తొందరపడి ఎవరూ కూర్చోవద్దు.