మేస్త్రీ ఇచ్చిన పూచీ

తిఫ్రాలో రిపేరు షెడ్డు ముందు ఓ బియ్యం వ్యాపారి తన పన్నెండేళ్ల అంబాసిడర్‌ను షోరూములో ఇచ్చి కొత్త మారుతి కారు తీసుకునేముందు మేస్త్రీకి చూపించాడు.

“ఏటి సావుకారూ, మారుతి కోసం ఇంత మంచి బండిని మార్చేత్తారా?”

“తఖత్‌పూర్ దారిలో ఇది ఒక్కనాడూ ఆగలేదు. ఇంకెన్నాళ్లిలా నడుస్తుందో చెప్పు.”

“ఐదేళ్లు ఢోకా లేదు. పూచీ నాది.”

“అచ్ఛా. అయితే నువ్వే కొనుక్కో. షోరూమువాడు దీనికి కట్టిన ధరకే ఇచ్చేస్తాను.”

మేస్త్రీ బానెట్ ఎత్తి మళ్లీ మొదటినుంచి చూశాడు.

“మా ఇంటిదాన్ని ఒకమాటు అడిగి సెప్తానండి.”

“పూచీ ఇచ్చినప్పుడు అడగలేదేం? బియ్యం కొన్నా నేనింతే. బాగున్నాయా అని అడగను, మీ ఇంట్లో ఇవే వండుతారా అని అడుగుతాను. దీన్ని మార్చే రోజు వచ్చేసింది, మేస్త్రీ.”

“మరి నేను లోపల పనిలోకెళ్లనా?”

“ఉండు. రేపు షోరూముకి నువ్వూ రా. ఆ ఐదేళ్ల మాట ధర కట్టినవాడికి చెబుదువుగాని.”